గోనెముక్క చారు

అమ్మ పుట్టిల్లు ఉప్పు పండే ఊరు. నాన్న సొంతూరు ఆ ఉప్పు చీకట్లో ఏరు దాటిన ఊరు. పెళ్లిచూపులప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. నేను పుట్టినప్పుడు నన్ను చూడటానికి వచ్చిన నాయనమ్మ, మా అమ్మమ్మతో పంచలో కూర్చుని మాటల్లో పడితే అప్పుడు బయటపడిందట, ఇద్దరి వాళ్లలోనూ గుడ్డలోంచి ఉప్పు పిండుకుని వంట చేసినవాళ్లున్నారని. ఆ మధ్యాహ్నం ఇద్దరూ నవ్విన నవ్వుకి ఉయ్యాల్లో ఉన్న నేను లేచి ఏడ్చానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అమ్మ వాళ్లది చినగంజాం పక్కన. అప్పుడది గుంటూరు జిల్లా. నాకు బుద్ధి తెలిసేసరికి ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి. వేసవి సెలవులకి రైల్లో పోతుంటే చీరాల దాటాక కిటికీలోంచి తెల్లటి గుట్టలు కనపడేవి. తాటాకులు కప్పిన గుట్టలు. మా తమ్ముడు వాటిని చాలా ఏళ్లు పూరిళ్లనే అనుకున్నాడు.

ఉప్పు మళ్లలోకి చెప్పులతో దిగనిచ్చేది కాదు అమ్మమ్మ. "ఒరేయ్, అన్నం పళ్లెంలో కాలు పెడతావంట్రా, దిగమాకు" అనేది. పెద్ద మడిలో ఉప్పునీళ్లు ఎండకి కాగి కాగి చిక్కబడతాయి. ఆ చిక్కటి నీటిని చిన్న మళ్లలోకి మళ్లిస్తారు. వాటి అడుగు మట్టిని ముందే కాళ్లతో తొక్కి తొక్కి గచ్చులా చేసి ఉంచాలి, లేకపోతే ఉప్పులోకి బురద వస్తుంది. నాలుగైదు రోజులకి నీటి మీద పాలమీగడలాగా పలచటి పొర కడుతుంది. అది బరువెక్కి అడుక్కి దిగుతుంది. తెల్లవారుజామున చెక్కపలకతో దాన్ని గట్టు మీదికి లాగుతుంటే వచ్చే చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది, చిల్లర పైసలు ఎవరో చేటలో చెరుగుతున్నట్టు. పొద్దెక్కితే ఆ తెలుపు కళ్లలో పొడుస్తుంది. తాతయ్యకి అరవై నిండకుండానే చూపు మసకబారింది. అరికాళ్ల పగుళ్లలో ఉప్పు దిగి రాత్రిళ్లు మండుతుంటే వేపనూనె రాసుకుని గుడ్డ చుట్టుకుని పడుకునేవాడు.

పిండి అమ్మబోతే గాలి, ఉప్పు అమ్మబోతే వాన అని అందరూ ఊరికే అనే మాట ఆ ఊళ్లో ఊరికే అనరు. 1990 మే నెల తుఫానుకి, సరిగ్గా ఉప్పు లాగే రోజుల్లో, మా మేనమామ గుట్టలన్నీ రెండు రోజుల్లో నీళ్లయిపోయాయి. బియ్యం తడిస్తే ముక్కబియ్యమన్నా మిగులుతాయి. ఉప్పు తడిస్తే ఏమీ మిగలదు.

అమ్మమ్మ చిన్నప్పుడు ఆ మళ్లలో ఉప్పు వాళ్లది కాదు, సర్కారుది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధిపత్యం 1805లో ఈస్టిండియా కుంపిణీ వాళ్లు మొదలుపెట్టారు. 1889లో ఉప్పు చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఉప్పు చెయ్యకూడదు, పన్ను కట్టకుండా కొటారు (ఉప్పు నిలవచేసే చోటు) దాటించకూడదు. 1930 నాటికి పన్ను మణుక్కి రూపాయి పావలా. మణుగంటే ఇప్పటి లెక్కలో ముప్పై ఏడు కిలోలు. అంతకు ఏడేళ్ల ముందు ఒక ఏడాది పాటు రెండున్నర రూపాయలు చేశారు కూడా. పన్ను కట్టని ఉప్పు బయటికి పోకుండా కొటార్ల చుట్టూ జవాన్లు. సాయంత్రం పని దిగి ఇంటికి పోయే ఆడవాళ్ల బుట్టలు బోర్లించి చూసేవాళ్లు, కొంగు ముళ్లు విప్పించేవాళ్లు. పొద్దున్నించీ ఉప్పులోనే నిలబడ్డ మనిషి ఇంటికి పోతూ కొట్లో ఉప్పు కొనుక్కోవాలి!

దానికి అమ్మమ్మ వాళ్లమ్మ కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, పని దిగే ముందు తలగుడ్డని చివరి మడి నీళ్లలో ముంచి, పిండకుండా తలకి చుట్టుకోవడం. ఎండకి తల తడుపుకున్నదనుకునేవాడు జవాను. ఇంటికొచ్చి దాన్ని కూరకుండ మీద పిండితే సరి. చిక్కటి ఉప్పునీళ్లు. తలంతా దురద పెట్టేదట, జుట్టు పీచయిపోయేదట. "మా అమ్మకి నలభై ఏళ్లకే బోడిగుండు రా, పప్పులో ఉప్పుకి పోసిన జుట్టది" అని అమ్మమ్మ తన జడ చూపించి మరీ చెప్పేది. ఇది దొంగతనమా అని నేనోసారి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "ఎవురిది ఎవురు దొంగిలించార్రా" అని ఆ పూట నాకు పెరుగు వెయ్యలేదు.

1930లో గాంధీ గారు దండిలో ఉప్పు తీశాక మా వైపు ఒంగోలు దగ్గర దేవరంపాడులో సత్యాగ్రహ శిబిరం పెట్టారు. టంగుటూరి ప్రకాశం గారు వచ్చారు, కొండా వెంకటప్పయ్య గారు ఊరూరా జనాన్ని కదిలించారు. తాతయ్యకి అప్పుడు పదేళ్లు. ఖద్దరు బట్టల వాళ్లు గుప్పెడు ఉప్పు తీసి పైకెత్తి చూపడం, పోలీసులు వాళ్ల పిడికిళ్లు విప్పడానికి వేళ్లు విరవడం చూశానని చెప్పేవాడు. ఆ పిల్లాడికి అర్థం కాని సంగతి ఒకటే, మా నాయన రోజూ బుట్టలకి బుట్టలు తీస్తాడు, ఏ పూలదండా వెయ్యరేం అని. ముసలితనంలో కూడా ఆ మాట నవ్వుతూనే అనేవాడు గానీ అందులో కాస్త నిష్ఠూరం ఉండేది.

కొటార్లలోని ఉప్పు పోవడానికి ముఖ్యమైన దారి కాలవ. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవ మొదలవుతుంది. దక్షిణంగా మద్రాసు మీదుగా మరక్కాణం దాకా నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. దాని మొదటి ముక్క 1806 నాటిది, మద్రాసు నుంచి ఎన్నూరుకి. 1876-78 నాటి ధాత కరువులో కొంత భాగం గంజి కూలీకి తవ్వించారు. ఆ కరువు రోజుల్లోనే మద్రాసు గవర్నరుగా ఉన్న దొర పేరు దానికి తగిలించారు. తవ్విన వాళ్ల పేర్లు ఎవరూ ఎక్కడా తగిలించలేదు. ఉత్తరంగా పోతే కొమ్మమూరు కాలవ, దుగ్గిరాల లాకులు, సీతానగరం లాకులు, అక్కడ కృష్ణ. కృష్ణ దాటితే ఏలూరు కాలవ, గోదావరి, కాకినాడ. ఉప్పు పడవ ఎక్కితే సముద్రం మొహం చూడకుండా కాకినాడ నుంచి మద్రాసు దాటి పోవచ్చు. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే గట్టు మీద ఇద్దరు మనుషులు రొమ్ముకి తాడు కట్టుకుని లాగడమే. నా చిన్నప్పటికి ఆ రాకపోకలు తగ్గిపోయాయి. ఒక్కసారి మాత్రం సరుగుడు కట్టెల పడవ పోతుంటే చూశాను. గట్టు మీద తాడు లాగే మనిషి తల ఎత్తలేదు. సరంగు మాత్రం చుక్కాని పట్టుకుని మా వంక చెయ్యి ఊపాడు.

ఇక నాన్న వాళ్ల ఊరు. పల్నాడులో, తంగెడకు దిగువన, కృష్ణ ఒడ్డున చిన్న పల్లె. ఇప్పుడు పులిచింతల రిజర్వాయరు కింద ఉంది. ఆ చుట్టుపక్కలదే కొల్లూరు, కోహినూరు అక్కడే దొరికిందంటారు. అదీ ఆ నీళ్ల కిందికే పోయింది. వజ్రాల గురించి నాయనమ్మని అడిగితే "వజ్రం ఎవురికి కావాల, పులుసులో వేసుకుంటామా" అనేది.

చినగంజాం ఉప్పు పల్నాటికి ఎద్దుల మీద వచ్చేదట ముత్తాతల రోజుల్లో. లంబాడీలు వందల ఎద్దుల మీద గోనెలు వేసుకుని దిగేవాళ్లు. ఉప్పు ఇచ్చి జొన్నలు, పత్తి పట్టుకుపోయేవాళ్లు. మా ముత్తాతకి ఇంకో ఉప్పు కూడా తెలుసు. చవుటి నేల మన్ను గీరి, కుండలో వేసి నీళ్లు పోసి, కారిన నీళ్లని కాచి తీసే చవుటి ఉప్పు. చేదుగా, బూడిదరంగులో ఉండేదట. పేదవాళ్ల ఉప్పు అది. తెల్లదొరల పాలనలో అది వండటం నేరం. ఏటికి అవతల నైజాములో దాన్ని అంతగా పట్టించుకునేవాళ్లు కాదట. అందుకని అవతల వండిన ఉప్పు రాత్రిపూట ఇవతలికి వచ్చేది, పుట్టిలో. వెదురుతో అల్లి తోలు తొడిగిన గుండ్రటి బుట్ట పడవ పుట్టి. దానికి ముందూ వెనకా ఉండదు. ఏ ఒడ్డు నుంచి బయల్దేరిందో చూసి చెప్పలేరు. దొంగసరుక్కి అంతకన్నా మంచి బండి లేదు.

మా ముత్తాత అలా అటునుంచి ఇటు ఉప్పు తెచ్చిన మనిషి. ఆయన కొడుకు, మా తాత, ఇటునుంచి అటు ఉప్పు తీసుకుపోయిన మనిషి. నేనిది రాయడానికి కూర్చుంది అసలు ఆ రెండో ఆయన కోసమే.

1947 ఏప్రిల్ ఒకటిన ఉప్పు పన్ను ఎత్తేశారు. ఆ ఆగస్టులో స్వాతంత్ర్యం. ఉప్పు గొడవ ఇక అయిపోయిందనుకున్నారు. కానీ ఏటికి అవతల హుజూర్‌నగర్ తాలూకా నిజాం ఏలుబడిలోనే ఉండిపోయింది. ఇవతల కల్దారు రూపాయి, అవతల హాలీ సిక్కా. నూరు కల్దార్లకి నూట పదహారు హాలీ రూపాయలు, ఇంకొన్ని అణాలు. (పెళ్లిళ్లలో నూట పదహార్లు చదివించడం దీన్నించే వచ్చిందని కొందరంటారు. నాకంత నమ్మకం లేదు.) ఇవతలి జనం అవతలి ఒడ్డుని మొగలాయి అనేవాళ్లు. పేరు వేరు, రూపాయి వేరు, పిల్లల్ని ఇచ్చి పుచ్చుకోవడం మాత్రం రెండు ఒడ్ల మధ్యా మామూలే. నాయనమ్మ చెల్లెల్ని అవతలి ఒడ్డున మట్టపల్లి పక్క ఊరికి ఇచ్చారు. మా మిద్దె ఎక్కితే వాళ్ల ఊరి వేపచెట్లు కనపడేవి.

1948లో నైజాముని ఇండియాలో కలిపే చర్చలు చెడి, ఇండియా ప్రభుత్వం నైజాముకి సరుకులు ఆపింది. అవతల రజాకార్ల హడావుడి, ఇవతలికి పిల్లాజెల్లాతో పారిపోయి వచ్చేవాళ్లు, రెండు ఒడ్ల మీదా గస్తీ. పెద్ద పెద్ద సంగతులు పేపర్లలో వచ్చే ఉంటాయి. మా ఇంట్లో మిగిలింది చిన్న సంగతి. ఒకరోజు చేపలు పట్టే అతను నాయనమ్మకి కబురు తెచ్చాడు, చెల్లెలు చెప్పమందని: "అక్కా, ఈ ఏడు ఆవకాయ పెట్టలా. గొడ్లకి పెట్టే ఉప్పు కూడా కడిగి వాడుకున్నాం. పిల్లలు అన్నం ముట్టడం లా."

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. నాయనమ్మ రెండు రోజులు తను ఉప్పు లేకుండా తిని చూసిందట, ఎట్లా ఉంటుందోనని. మూడో రోజు తాతని పిలిచి, "పోతావా, నన్ను పొమ్మంటావా" అంది.

శ్రావణం. పోలాల అమావాస్యకి రెండు రోజుల ముందు. అప్పటికి నాగార్జునసాగరూ లేదు, ఏ డ్యామూ లేదు. కృష్ణ నిండుగా, ఎర్రగా, చెట్లకి చెట్లు మోసుకుని పోతోంది. వేసవిలో అయితే చాలా చోట్ల నడుం లోతే, కానీ ఉప్పుకి ముహూర్తం కుదిరింది వరదలో. దాచేపల్లి నుంచి తెచ్చిన రెండు గోనెల ఉప్పు, మీద తాటాకు చాప. తాత, ఆయన బావమరిది, పుట్టి నడిపే మనిషి. ముగ్గురూ మొల గోచీలతో, ఒళ్లంతా బురద పూసుకుని. తెల్ల పంచె చీకట్లో కనపడుతుందట.

నది నడిమికి వచ్చేసరికి ఇవతలి గట్టు మీద బ్యాటరీ లైటు వెలిగింది. మనవాళ్లే. అవతలి వాళ్లకి ఎంత భయపడాలో ఇవతలి వాళ్లకీ అంతే భయపడాలి ఆ రోజుల్లో. ముగ్గురూ ఉప్పు మూటల మీద బోర్లా పడుకున్నారు. తెడ్డు ఆగింది. తెడ్డు ఆగితే పుట్టి ఊరుకుంటుందా, గానుగలాగా తిరగడం మొదలుపెట్టింది. ఆ తిరగడంలో కొట్టుకొస్తున్న తుమ్మ మొద్దు ఒకటి తగిలి ఒక పక్క ఒరిగింది, గబగబా నీళ్లు ఎక్కాయి. లైటు పోయేదాకా చెంబు ఎత్తడానికి లేదు, చప్పుడవుతుంది. నీళ్లలో మోకాళ్ల దాకా మునిగి, ఆ నీళ్లలోనే ఉప్పు మూటలు. "చేతికింద ఉప్పు కరిగిపోతా ఉండటం తెలస్తా ఉండాది నాకు, నిద్రపోతున్న పిల్లోడి పక్కలోంచి నెమ్మదిగా లేచిపోయినట్టు" అని తాత ఒకే ఒక్కసారి చెప్పాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. ఆ పోలిక ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మైలు దిగువన ఒడ్డెక్కి, మోసుకుంటూ పోయేసరికి తెల్లవారబోతోంది. తోడల్లుడు దీపం తెచ్చి చూసి, "ఇదేంది అన్నా, ఉప్పు తెస్తున్నావని కబురొస్తే గోనెసంచులు తెచ్చావు" అన్నాడట. ఒక గోనె అడుగున తవ్వెడో మానెడో ముద్ద మిగిలింది. రెండోదాంట్లో ఏమీ లేదు. తాత అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

నాయనమ్మ చెల్లెలు మాత్రం గోనె అంచు ఒకటి నోట్లో పెట్టుకుని నమిలి చూసింది. లోపలికి పోయి కత్తిపీట తెచ్చింది. రెండు గోనెల్నీ అరచేతి ముక్కలుగా కోసి, పొయ్యి మీద దూలానికి తాడు కట్టి వరసగా ఆరేసింది, వడియాల్లాగా. రోజుకొక ముక్క. చారు మరిగేటప్పుడు అందులో వేసి, నాలుగు పొంగులు రానిచ్చి, తీసి పిండి, మళ్లీ ఆరేసేది. ఒక ముక్క రెండు పూటలు వచ్చేది. పక్కింటి బాలింతకి రెండు ముక్కలు. ఎదురింటి వాళ్లకి ఒకటి, వాళ్లు బదులుగా సోలెడు కందులు తెచ్చారు. ముద్దగా మిగిలిన ఉప్పు దాచిపెట్టింది, పిల్లల కోసం.

పది పదకొండు రోజులు గడిచాయో లేదో, సెప్టెంబరు 13న మిలటరీ వచ్చింది. బెజవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా కదిలింది ఒక దండు. 17కల్లా నిజాం లొంగిపోయాడు. ఆ వెనకే ఉప్పు బండ్లు. నాయనమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ చివర "పది రోజులు ఆగుంటే బండి మీద పోయేది గదా" అని దీర్ఘం తీసేది. పొమ్మన్నది తనేనన్న సంగతి చెప్పదు. తాత పక్క నుంచి "పది రోజులు చప్పిడి తిను, తెలుస్తది" అనేవాడు. వాళ్ల కాపురం అంతా ఈ రెండు మాటల మధ్యే జరిగింది.

ఆ గోనెముక్కల కథ నాయనమ్మ పంచలో చెబుతుంటే మా అమ్మమ్మ మధ్యలో తలగుడ్డ కథ ఎత్తుకుంది. అదీ మొదట చెప్పిన నవ్వు. తాత మోసిన ఉప్పు అమ్మమ్మ వాళ్ల మళ్లలో లాగిందేనేమోనని మా నాన్న ఒక లెక్క వేసేవాడు. దాచేపల్లి సంతకి ఉప్పు ఎక్కడి నుంచి వచ్చేది, ఏ నెలలో లాగింది శ్రావణానికి చేరుతుంది అంటూ. బడిపంతులు గదా. లెక్క ఎప్పుడూ తేలలేదు. నాకు తేలినట్టే ఉంటుంది.

మా అమ్మ పట్నం వచ్చాక కూడా గళ్లుప్పే వాడింది. 1998లో అయొడిన్ కలపని ఉప్పు తినడానికి అమ్మకూడదన్నారు, 2000లో ఎత్తేశారు, 2006లో మళ్లీ పెట్టారు. అయొడిన్ చాలక వచ్చే గొంతువాపు (గాయిటర్) మంచిది కాదు, ఆ రూలు తప్పనడానికి నాకు నోరు రాదు. కానీ మా అమ్మకి అది 1930 లాగే అనిపించింది. పుట్టింటికి పోయిన ప్రతిసారీ నాలుగు కిలోలు చీరల మధ్య పెట్టి తెచ్చుకునేది. ఎవరూ పట్టుకోరమ్మా అంటే వినదు. దొంగతనంగా తెచ్చుకుంటేనే ఆవకాయకి రుచి.

2014 దసరాకి హుజూర్‌నగర్ పోయాం. పొందుగుల వంతెన మీదుగా వాడపల్లి. ఆ జూన్‌లోనే రాష్ట్రం విడిపోయి కృష్ణ మళ్లీ హద్దయింది. వాడపల్లి చెక్‌పోస్టులో బస్సు ఆపి సంచులు తడుముతుంటే అమ్మ నా చెవిలో "సున్నం అని చెప్పనా" అంది. నేను ఏదో అనేలోగా ఆ కుర్రాడు మా సంచి దగ్గరికొచ్చాడు. అమ్మ కంగారులో "ఉప్పు బాబూ" అని నిజమే చెప్పేసింది. అతను నవ్వుకుంటూ వెనక సీటుకి పోయాడు.

మేం పోయింది మా మేనత్త దగ్గరికి, నాయనమ్మ చెల్లెలి కూతురు. 1948లో ఎనిమిదేళ్ల పిల్ల. ఆ ఇంట్లో మమ్మల్ని ఇప్పటికీ గోనెసంచోళ్లు అనే అంటారు. ఆ చారు ఎట్లా ఉండేది అత్తయ్యా అని అడిగితే, "జనుము వాసన. పీచు నాలిక్కి తగిలేది. మా అమ్మ చూడకుండా దూలం మీది ముక్క తీసి చీకేదాన్ని, దెబ్బలు కూడా తిన్నా" అంది.

అమ్మ సంచి విప్పి ఉప్పు పొట్లం ఆవిడ ముందు పెట్టింది. చేతికివ్వకూడదు కాబట్టి నేల మీదే పెట్టింది. అత్తయ్య వంగి, పొట్లం చింపి, లోపలికి వేళ్లు పోనిచ్చి కాసేపు అలాగే ఉంచింది.

"పొడిగానే ఉందే, వదినా" అంది.